తరుగు

మధ్యాహ్నం మూడుకి గడువు.
ఇప్పుడు రాత్రి రెండు. రెజైనాలో బయట మైనస్ ముప్పై నాలుగు,
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది.
బల్ల మీద చల్లారిన కాఫీ,
అవతలి జట్టువాళ్ళు పంపిన కాగితం:
ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గోలీ,
వచ్చే ఏడు డ్రాఫ్ట్‌లో మొదటి రౌండు, అంటే
ఎవరో మాకింకా తెలియని ఒక పిల్లాడు.
వీళ్ళందరికీ బదులు ఒక్క హ్రోంచెక్.

మా నాన్న కార్నీలియస్ రెంపెల్
గోధుమల ఎలివేటర్ దగ్గర కాటా చూసేవాడు.
లారీని నిండుగా ఒకసారి తూచి
ఖాళీ అయ్యాక మళ్ళీ తూచేవాడు.
గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని
పటుక్కున కొరికి, తేమ ఎంతో చెప్పేవాడు.
ఆయన తరుగు తీస్తున్నంతసేపూ
రైతులు ముల్లు వైపే చూసేవాళ్ళు,
ఆయన మొహం వైపు కాదు.

హ్రోంచెక్‌ని ఎలా కొరికి చూడను?
నలభై ఒక్క గోల్స్ కొట్టాడు, అది నిండు లారీ.
పోయినేడు ప్రాక్టీసయ్యాక
అందరికంటే ఆఖరున మంచు దిగేవాడు,
చెల్లాచెదురైన పక్‌లన్నీ తనే ఏరి బకెట్లో వేసేవాడు.
ఈ ఏడు విజిల్ వినపడగానే వెళ్ళిపోతున్నాడు.
గోల్ కొడితే చెయ్యెత్తుతున్నాడు,
వెళ్ళిపోతున్న బస్సుని ఆపడానికి ఎత్తినట్టు.

జనవరిలో నా గదికొచ్చాడు.
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని
"ఇక్కడ నాకెవరూ చెడు చెయ్యలేదు,
నన్ను పంపించెయ్యండి" అన్నాడు.
ఎందుకని అడిగాను.
కిటికీలోంచి పార్కింగ్ వైపు చాలాసేపు చూశాడు.
ఏముందోనని నేనూ చూశాను.
బ్యాటరీ చచ్చిన నా కారు తప్ప ఏమీ లేదు.

"మనసు విరిగినవాడికి కాళ్ళే ముందు బరువెక్కుతాయి,
ధర పలికేటప్పుడే వదిలించుకో" అంటుంది స్కౌట్ బెర్నడెట్.
యజమాని టికెట్ల గురించి రెండుసార్లు ఫోన్ చేశాడు.
పెట్రోలు బంకులో కౌంటరు పిల్ల,
వీపు మీద అతని నంబరు వేసుకుని,
"వెళ్ళిపోతాడా?" అంది.
చిల్లర ఇవ్వడం మర్చిపోయింది.
నేనూ అడగలేదు.

మూడు దాటాక, కాగితంలో రెండో పేరు దగ్గర ఆగాను.
లిండ్‌వాల్. పందొమ్మిదేళ్ళు. ఎడమచేతి వాటం.
మూలల్లోకి భయం లేకుండా దూరతాడు.
కింద బెర్నడెట్ పెన్సిలు రాత:
పోయిన నెలే ఇల్లు అద్దెకి తీసుకున్నాడు.
కుక్కని తెచ్చుకున్నాడు.
సాయంత్రాలు దాంతో సముద్రం ఒడ్డున పరిగెడతాడు.
ఊరు నచ్చింది.

వెళ్ళిపోతానన్నవాణ్ణి తూచడానికి
ఉండిపోదామనుకున్నవాణ్ణి
తూకం రాయిలా ఎత్తి అటు తట్టలో వేస్తున్నాం.
వాణ్ణెవరూ అడగలేదు.
మూడోసారి చదివేదాకా నాకూ కనపడలేదు.

కోతలప్పుడు వాన పడ్డ ఏడు
నాన్న ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా
మెట్ల మీదే కూర్చునేవాడు.
తూకంలో ఒక్క గింజ తేడా రాలేదని
అమ్మ మాకు చెప్పేది.
ఆయన చెప్పేవాడు కాదు.

పదకొండుకి ఫోన్ మోగింది.
అవతల డెల్మార్, ఎండలో నిలబడ్డ గొంతు.
"ఏమంటావ్ రెంపెల్?"
ఒప్పుకుంటానని నాకు తెలుసు, వాడికీ తెలుసు.
హ్రోంచెక్ ఈపాటికి పెట్టె సర్దేసి,
దాని మీదే కూర్చుని ఉంటాడు.

"ఆ కుర్రాడి కుక్క ఉందే," అన్నాను,
"దానికి బొచ్చు దట్టంగా ఉంటుందా?"