ఎడమ అద్దం లేని బండి

ఓడీ ఇరవై నెంబరు. మూడో చేతి బండి.
నలభై రెండు వేల కిలోమీటర్లంటుంది మీటరు.
మాట మీద నిలబడే మీటరో కాదో నేనడగలేదు.
పర్లాకిమిడిలో మా సందు
ఇటు గోడ, అటు మురిక్కాలవ,
రెంటి మధ్యా బెత్తెడు మిగిల్చి పడుతుంది.
అందుకే కొన్నాను.

ఏడువందల తొంభై ఆరు సీసీ, మూడు సిలిండర్లు.
నాలుగుంటే ఒకదాని తోపుని ఇంకోటి సర్దుకునేదట.
మూడే అయ్యేసరికి, ఆగిన చోట కూడా
ఇంజను కుంటి పీట మీద కూర్చున్నట్టు
ముందుకీ వెనక్కీ ఊగుతుంది.
ఆ వణుకు సీటుదాకా రాకుండా
నల్లటి రబ్బరు ముద్దలు కింద కూర్చుని మింగుతాయి.
రెండు మార్పించాను. ఒక్కోటి నాలుగొందల ఎనభై.
సత్యవేణి బియ్యం లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసింది.

ఎక్కడో, నేనెరగని ఊళ్ళో,
ఒకడు పెన్సిలు చెక్కుకుని కూర్చుని
ఈ బండిలోంచి ఒక్కోటీ తీసేసి ఉంటాడు.
రెండో వైపరు.
చక్రానికి నాలుగో నట్టు.
వెనక కిటికీలకి కరెంటు.
ఎడమవైపు అద్దం.
ఇక్కడ పావలా, అక్కడ పదిగ్రాములు,
తీసి తీసి
ఒక జీతగాడి వాయిదా దగ్గర ఆపాడు.
బ్రేకు గొట్టం జోలికి పోలేదు.
వెనక సీట్లో మోకాళ్ళ చోటు కూడా
పూర్తిగా కోసెయ్యలేకపోయాడు పాపం,
ఇంట్లో పొడుగాటి బావమరిది ఉన్నాడేమో.

మా పక్కింటి బృందావన మహారాణా కొమ్ము పనివాడు.
గేదె కొమ్ముని నిప్పు మీద కాచి
మెత్తబడగానే కొంగ మెడ చేస్తాడు.
బండి తెచ్చిన రోజు తలుపు మీద వేలి కణుపుతో కొట్టి
చెవి ఆనించి విన్నాడు.
"ఇంకొక్క రాపుడు రాస్తే కాయితం" అన్నాడు.
నా మొహం మాడింది.
ఆయన మాత్రం ఇంకోసారి కొట్టి
"ఎక్కడ ఆపాలో తెలిసినోడే సేసేడు" అని
తోటి పనివాణ్ణి తలుచుకున్నట్టు తల ఊపాడు.

మొన్న మార్గశిరంలో బరంపురం ఎగ్జిబిషన్‌కి
ఆయన్నీ, గోనెసంచుల్లో ఆయన కొమ్ము రొయ్యల్నీ ఎక్కించాను.
వెనక సత్యవేణి, పిల్ల హరిప్రియ, వాంతి కవరు.
రామగిరి దాటాక ఎత్తు మొదలు.
ఏసీ ఆపేశాను, చెప్పకుండానే సత్యవేణి కిటికీ తిప్పింది.
మూడు. రెండు. ఒకటి.
మలుపులో బండి ఒక్కసారి దగ్గి
గొంతు మార్చింది.
రెండు సిలిండర్ల మీద నలుగురు మనుషులు, నూటపాతిక రొయ్యలు.
కదల్లేదు.

దిగారు.
ఖాళీ బండి నాతో ఒక్కడితో
నంగి నంగిగా పైకి పాకింది.
ఉన్న ఒక్క కుడి అద్దంలో
నా కుటుంబం దుమ్ములో చిన్నదవుతూ,
సంచి నెత్తిన పెట్టుకుని మహారాణా.
సిగ్గేసింది. ఆగితే మళ్ళీ కదలదని ఆపలేదు.

గట్టు మీద టీ కొట్టు పక్కన దండాసి.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి.
"మూడోది తొంగున్నాది బాబూ."
ప్లగ్గు విప్పాడు, మసి, నూనె, కాటుక భరిణె లోపలిలా.
రుద్దడానికి గరుకు కాయితం లేదన్నాడు.
అప్పటికి రొప్పుతూ వచ్చిన మహారాణా
జేబులోంచి తీసిచ్చాడు,
రొయ్య మీసాల్ని నునుపు చేసే ముక్క.
పిల్ల చేతిలో టార్చి. మొన తెల్లబడింది.
మళ్ళీ తిప్పితే
మూడూ పలికాయి, ఎప్పటిలాగే కుంటుతూ.

ఇక రోడ్డెక్కాలి. ఎడమవైపు లోయ,
ఎడమవైపు అద్దం లేదు.
మహారాణా అంచున నుంచుని, లుంగీ ఎగ్గట్టి,
"ఆసొ, ఆసొ, ఆసొ...
రొహొ!"

ఆ రోజు లీటరుకి పదమూడే ఇచ్చింది.
పుస్తకంలో రాసింది సత్యవేణి, పక్కన ప్లగ్గు అని.
అద్దం మూడొందల యాభై అంటున్నారు.
వేయించలేదింకా.