పొట్లం

బైరాగిపట్టెడలో మా మిద్దె మీద
నెలకో ఆదివారం విత్తనాలు చేతులు మారతాయి.
బూడిదగుమ్మడి ఇచ్చి పొట్ల పట్టుకపోతారు,
వంగనారు ఇచ్చి వేపపిండి అడుగుతారు.
పదిమందికి పైనే వస్తాం.
అందరి గోళ్ళ కిందా మట్టే.

ఎన్నికల ఏడు కాగితానికి కరువుండదు.
గేటు సందుల్లో దూర్చిపోయిన కరపత్రాలు
నాలుగు ముక్కలు చేసి నేనే పొట్లాలు కడతా.
ఏ ముఖం ఏ గింజకు చుట్టుకునిందో
నేను చూడలే.
చెంగల్రాయుడు చూసినాడు.
బెండ గింజల పొట్లం విప్పితే
సగం నవ్వు, ఒక చెవి,
దండం పెడతా ఉండే చేతుల్లో ఒకటి.
"వీళ్ళ కాగితంలో చుట్టిన గింజ
నా కుండీలో మొలవదు" అన్నాడు.
నగతా అన్నాడనే అనుకుంటిమి.

"యాడ మొలుస్తాది?
నీ కుండీకి నీళ్ళు మీవాళ్ళ ట్యాంకరే కదా"
అనేసినాడు గుణశేఖర్.
అంతే.
కాలవ దగ్గర మొదలైన మాట
అమ్ముడుపోయినోడా దాకా పోయింది.
ఎంతకు, అని ఒకడు.
ఎవరికి, అని ఇంకొకడు.
షంషాద్ టీ గ్లాసులు పట్టుకోని
మెట్ల మీదనే నిలబడిపోయింది.
ఆ నెల పేనుబంక ఊసు ఎవరూ ఎత్తలే.
ముడుచుకున్న మిరపాకు
ముడుచుకున్నట్టే ఇంటికి పోయింది.

రాజకీయం వద్దని బోర్డు రాసెయ్ హంసక్కా, అన్నారు.
సుద్దముక్క తీసుకున్నా గానీ
చెయ్యి రాలే.
నీళ్ళు రాజకీయం, ఎరువు రేటు రాజకీయం,
పక్కింటోళ్ళు నాలుగో అంతస్తు లేపితే
నా టమాటా మీద పడే నీడ కూడా.
అవన్నీ తీసేస్తే
ఇంక మాట్లాడేదానికి ఏముంటాది?

ముప్ఫై ఏండ్లు ఆసుపత్రి ల్యాబులో పని చేసినా.
చీటీలో ఉండే పేరు మనిషికి చదివి వినిపించి
ఔనంటేనే సూది గుచ్చేదాన్ని.
మిద్దె మీదా అదే పెట్టినా:
ఎదుటోడికి జవాబు చెప్పాలంటే
ముందు వాడి మాట వాడికి అప్పజెప్పాల.
"ఆ, అదే" అని వాడనాల.
అప్పుడు నీ వంతు.

గుణశేఖర్ మూడుసార్లు తప్పినాడు.
మొదటిసారి ఎటకారం కలిసింది.
రెండోసారి దొరస్వామి అనని మాటొకటి వచ్చి చేరింది.
మూడోసారి, ఇంతకూ నువ్వేమన్నావప్పా
అని అడగాల్సొచ్చింది.
టీ చల్లారింది. యశోదమ్మ గోడకానుకోని కునికింది.
నాలుగోసారికి తలూపినాడు దొరస్వామి.
"అదే. అదే నేననింది.
నీ నోట్లో పడితే ఇంత చిన్నగా ఉందేందిరా?"
ఇద్దరూ కాసేపు గమ్మునున్నారు.
ఓటు ఎవరిదీ మారలే, నాకు తెలుసు.

చెంగల్రాయుడు మాత్రం మళ్ళీ రాలే.
నేతిబీరలో నెయ్యెంతో
ఆ నియమంలో నేస్తం అంతే అన్నాడంట.
కొర్లగుంటలో పూలబండి కాడ కనబడి
తల పక్కకు తిప్పుకున్నాడు.
ఆయనిచ్చిన నేతిబీర తీగ
మా పిట్టగోడ దాటి ఎవరి మిద్దె మీదనో కాస్తా ఉంది.

ఆ పొద్దు ఆయన పారేసిపోయిన బెండ గింజలు
ఏరి పెట్టినా.
కాగితం మార్చలే.
ఆ సగం నవ్వు మీదనే తేదీ రాసినా.
ఏడు దాటితే బెండ సగమే మొలుస్తాది.
వానలకు ముందే
ఆయన గడప దాకా పోవాల.
ఏమని పిలవాలో
ఇంకా కుదరలే.