తొక్క తీసిన పన్నెండు

ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం
ఫ్రిజ్ తలుపు మీద, చేప బొమ్మ అయస్కాంతం కింద.
మూడు రోజులు గింజలొద్దు, తొక్కలొద్దు, పీచు వద్దు.
జనవరి రెండు, పొద్దున ఎనిమిదిన్నర,
పేగుల్లోకి కెమెరా.
ఎలాడియో అంతా చదివి
"మరి ద్రాక్షపళ్లో?" అన్నాడు.
అడిగింది అదొక్కటే.

మా వీగోలో ఏడాది మారేది
గడియారంలో కాదు, నోట్లో.
అర్ధరాత్రి పన్నెండు గంటలకు పన్నెండు ద్రాక్షపళ్లు,
గంట కొట్టగానే ఒకటి, నెలకొకటి చొప్పున.
ఒక్కటి తప్పినా ఆ నెల మనది కాదంటారు.
నమ్ముతామా అంటే నమ్మం.
మానేస్తామా అంటే మానం.

అందుకే వంటగది బల్ల దగ్గర కూర్చున్నాను
పాత కత్తి పట్టుకుని.
ఇరవై రెండేళ్లు ఈ కత్తి ఆల్చిప్పలు విప్పింది,
మేస్త్రి అంపారో వెనక నిలబడి లెక్కపెడుతుంటే
నిమిషానికి పాతిక.
అక్టోబరులో ఫ్యాక్టరీ మూశారు.
యంత్రాలకు ఎవరో బేరం కుదుర్చుకున్నారు.
మా చేతుల ధర ఎవరూ అడగలేదు.
చివరి రోజు రబ్బరు బూట్లు కడిగి
గోడవారగా వరస పెట్టి వచ్చేశాం.
కత్తి మాత్రం నా జేబులోనే ఉండిపోయింది.
ఉండిపోయిందా, ఉంచుకున్నానా
అని మీరడిగితే చెప్పను.

ద్రాక్ష తొక్క ఎంత పల్చన!
కత్తికి ఇంత మెత్తని పని ఎప్పుడూ తగల్లేదు.

ఎనిమిదో తారీఖు నుంచి నేను బస్సు డ్రైవర్ని.
పదిహేడో నంబరు, రేవు నుంచి కొండ మీది బడి దాకా.
యాభై ఒకటో ఏట.
నవ్వకండి, నవ్వాల్సిందంతా
వైద్య పరీక్ష గదిలో నేనే నవ్వేశాను:
రెండు చేతుల్లో రెండు మీటలు,
తెర మీద రెండు దారులు, రెండు చుక్కలు.
ఒక దారి ఇటు వంపు తిరిగితే
రెండోది అటు.
చుక్క గట్టుకు తగిలిందంటే కీచు.
కీచు. కీచు. కీచు.
"రెంటినీ ఒకేసారి చూడాలమ్మా" అన్నాడు డాక్టరు కుర్రాడు.
ఏడాదిగా చేస్తున్నది అదే కదయ్యా నాయనా!
ఎడమ దారిలో ఫ్యాక్టరీ నోటీసు,
కుడి దారిలో ఎలాడియో.
రెండోసారికి పాసయ్యాను.

రక్తం జాడ కనిపించింది అన్నారు.
ఏమీ కాకపోవచ్చు అన్నారు.
ఆ 'కాకపోవచ్చు' మూడు వారాలుగా
మా ఇద్దరి మధ్యా పడుకుంటోంది,
దుప్పటంతా తనవైపు లాక్కుని.

పదకొండూ యాభై తొమ్మిది.
ఎదురింటి ఒబ్దూలియా ఎప్పట్లాగే
ముందు మోగే చిన్న గంటలకే మొదలుపెట్టి
మూడు నెలలు మింగేసింది.
"ఆగవమ్మా, ఇవి కావు!" అని గోడకివతల నుంచి మా కేక.
అప్పుడు అసలు గంట.
జనవరి జారిపోయింది గొంతులోకి, ఫిబ్రవరి, మార్చి...
తొక్కలేని పళ్లు వేళ్లకు నిలవవు.
మే నెల అతని చేతిలోంచి జారి
బల్ల అంచు తాకి
ఫ్రిజ్ కిందకి దొర్లిపోయింది.

ఒక్క క్షణం ఇద్దరం కదల్లేదు.
జూన్ గంట మోగింది.
"తిను!" అన్నాను నోటినిండా గింజలతో,
తిన్నాడు, డిసెంబరు దాకా,
నవ్వుకు పొలమారి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

రేవులో ఓడలన్నీ ఒక్కసారి కూత పెట్టాయి.
అతనికి వడకట్టిన ఆపిల్ రసం, నాకు వైను.
పళ్లెంలో మిగిలిన తొక్కలు
పారేయబుద్ధి కాక నేనే నమిలాను.
వగరు, చివర్న కాస్త తీపి.

ఎలాడియో నేలమీద బోర్లా పడుకుని
టార్చి వేసి ఫ్రిజ్ కింద చూస్తున్నాడు.
"కనిపిస్తోంది, వెనక మూల ఉంది."
"లే, చలి. రెండో తారీఖు ఆసుపత్రి నుంచి వచ్చాక
ఫ్రిజ్ జరుపుదాం."
"బరువు కదా?"
"బస్సు తిప్పే దాన్ని, నాకు బరువేంటి?
నువ్వు చీపురుకర్ర పట్టుకో, చాలు."