నీడపట్టు

కాలువలు కట్టేసిన వారానికి
లాకు గోడ ఎండకి బయటపడింది.
ఏడాదంతా నీళ్లలో మునిగి ఉండే గోడ.
తలుపు నీడ పడే పగుల్లో మాత్రం
గుప్పెడు పచ్చ ఇంకా చావలేదు.
తాళంచెవితో గీకి
టిఫిన్ డబ్బా మూతలో ఇంటికి తెచ్చుకున్నాను.

పగలంతా నా పని నీళ్లు చూడడమే.
నర్సాపురం ఆక్వా ల్యాబులో
బాటిళ్లు వరసగా వచ్చి నిలబడతాయి,
మూతల మీద చెరువు నంబర్లు, రైతుల ఇంటిపేర్లు.
అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత,
ఏ చుక్క దగ్గర ఎరుపు నీలంలోకి తిరిగింది.
"కౌంటు ఎంతకొస్తుందంటారు మేడమ్?"
కిలోకి ముప్పై తూగుతాయంటే టీ చెప్పి వెళ్తారు,
వంద అంటే
ఖాళీ బాటిల్ బల్ల మీదే వదిలేసి వెళ్తారు.

నా తొట్టి మెట్ల కింద.
ఎదుటి గోడకి తగిలి తిరిగొచ్చే వెలుతురు
పదకొండింటికి వస్తుంది,
పన్నెండున్నరకి చెప్పకుండా పోతుంది.
మొదట్లో ఆశకొద్దీ బల్బు పెట్టాను.
నాలుగు రోజులకే అద్దమంతా జిగురు,
రాస్తే వేలికి అంటింది.
వెలుగు ఎక్కువైతే వచ్చేది పాచి.
బల్బు తీసేశాక, మసకలో,
ఎటూ పోకుండా ఉండిపోయింది నాచు.
రెంటికీ ఒకటే పేరు పెట్టి తోమేస్తాం మనం.

దానికి వేళ్లు లేవు.
దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి.
పట్టు దొరికేదాకా
ఎవరో ఒకరు కట్టి ఉంచాలి.
నా ముడి నీళ్లు తగలగానే వదులైపోయింది.

కింది వాటా నూకరత్నం గారివి
యాభై ఏళ్లు లేసు అల్లిన చేతులు.
ఆవిడ ఎన్నడూ చూడని బల్లల మీదికి
డజన్ల లెక్కన వెళ్లిపోయాయి తెల్లపువ్వులు.
ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు.
"లైటు వెయ్యనా అండి?"
"నాకెందుకమ్మా, నీక్కావాలంటే వేసుకో."

ఉప్పు విరగాలని
మూడు వారాలు నానబెట్టిన మడ చెక్క
ఆవిడ ఒళ్లో పెట్టాను.
చీర తడిసింది, ఏమీ అనలేదు.
నాచుని పోగులు పోగులుగా విడదీసి,
"పల్చగా పరవాలి, ఒత్తయితే లోపల కుళ్లుద్ది" అంది.
మీకెలా తెలుసండీ అంటే
"నారుమడైనా అంతేగా."
తెల్లటి నూలుదారం
అటు నాలుగు, ఇటు నాలుగు,
ముడి ఎక్కడ వేసిందో
కళ్లున్న నాకు కనపడలేదు.

తరవాత ఏమీ జరగలేదు.
కాలువలు వదిలారు. నాట్లు పడ్డాయి.
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఎగరేసిన వారం
కుళాయికి కూడా గోదారి రంగొచ్చింది.
బకెట్లో రెండు రాత్రులు తేర్చి
పైనీళ్లే గ్లాసుతో పోశాను.
ల్యాబులో వైట్ స్పాట్, వైట్ గట్,
ఒకాయన మెట్ల మీద కూర్చుని
ఎవరికో ఫోన్లో లెక్క చెబుతూ ఏడ్చాడు.
నాచు గోరంత పెరిగింది.

అందులోంచి ఒకరోజు
ఒక గడ్డి రొయ్య బయటికొచ్చింది.
గాజులాంటి ఒళ్లు, రెండు నల్లచుక్కల కళ్లు.
ఎప్పుడొచ్చిందో, గోడతోనే వచ్చిందో.
మేత వెయ్యలేదు, తూకం వెయ్యలేదు.
కౌంటు: ఒకటి.

కార్తీకంలో నూకరత్నం గారు
గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చింది.
గాజులు పైకి తోసుకుని
మణికట్టు దాకా చెయ్యి ముంచింది.
చాలాసేపు తడిమింది.
"నా దారం ఏదమ్మా?"
"కరిగిపోయిందండి."
చెక్కని ఇటూ అటూ ఊపి చూసింది.
"ఊడట్లేదే" అంది, తనలో తను.

చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ
రంగు అడిగింది.
పచ్చ అన్నాను.
"ఏం పచ్చ?"
అరటాకు కాదు, నారు కాదు,
ల్యాబులో రంగుల కార్డు మీద ఏ గడీ కాదు.
"లాకు గోడ పచ్చండి."
"ఆయ్, అదా" అని నవ్వింది.
"జారుడు పచ్చ."