విరిగిన సూదుల పుస్తకం

రాయదుర్గంలో, బళ్ళారి రోడ్డు పక్కన
రేకుల షెడ్డు. నలభై మిషన్లు. జీన్సు గుడ్డ నీలం
ఉమ్మిలో కూడా కనపడుతుంది మాకు.

సూది విరిగితే ముక్కలన్నీ ఏరి
టేపేసి పుస్తకంలో అంటించాల.
ఒక్క ముక్క దొరక్కపోయినా
ఆ ప్యాంటు గేటు దాటదు.
కొన్నోడి తొడలో గుచ్చుకుంటే
పూచీ కంపెనీదని ఓనరు భయం.

ఆ పుస్తకం రాసేది నేను, మారెక్కను.

మూడో లైన్లో జిప్పులు కుట్టేవాడు వన్నూరప్ప.
మెత్తని గొంతు. టీ గ్లాసును రెండు చేతుల మధ్య
పిట్టపిల్లను పట్టినట్టు పట్టుకుంటాడు.
కుట్టు మాత్రం గీత గీసినట్టుండేది.

మొదట పేరు చివర మార్చినారు.
అప్ప తీసి అమ్మ పెట్టినారు.
"వన్నూరమ్మా, బాబిన్ అయిపోయిందే!"
షెడ్డంతా నవ్వింది.
నేనూ నవ్వినాను. దాన్నీ రాసుకోండి.

తర్వాత మార్కింగు సుద్దతో మిషనుకు బొట్టు.
చక్రానికి గాజులు.
వాడు గాజులు తీసి, పగలకుండా పక్కనపెట్టి,
కుట్టుకున్నాడు.

కటింగు బల్ల దగ్గర నలుగురు చుట్టుముట్టి
"మగోడివైతే చూపించు" అన్న రోజు
వాడు ఏడవలేదు.
వచ్చి కూర్చున్నాడు. సూది గోట్లోకి దిగి విరిగింది.
రెండు ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టినాడు.
"మూడోదేదిరా?"
"లోపలుండాదక్కా."

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.
వాణ్ణి తిట్టడానికి వాళ్ళు ఎత్తుకున్న మాట
నన్ను పిలిచే మాటే కదా.
ఆ బొట్టు నాది, ఆ గాజులు నావి.
వాణ్ణి కొట్టడానికి
నన్ను కట్టె చేసుకున్నారు.
జనరేటరు నేను లాగి స్టార్టు చేస్తే
మగరాయుడని నవ్విందీ ఆ నోళ్ళే.

ఓనరుకు చెప్పినాను, మూడుసార్లు.
ఒకసారి ఫోన్లో ఉండి చెయ్యూపినాడు.
ఇంకోసారి "పిల్లోళ్ళు, ఎగతాళికి అంటాంటారు" అన్నాడు.
మూడోసారి కాస్త ఆలోచించి,
"వాణ్ణే నడక మార్చుకోమను మారెక్కా,
సరిపోతుంది" అన్నాడు.
నెల తిరక్కముందే
రేపట్నుంచి రావద్దన్నాడు, వాణ్ణే.

అనంతపురం నుంచి లేబరాఫీసరమ్మ వచ్చింది.
ఫ్యాను కింద ఓనరు చెమట తుడుచుకుంటా,
"నేనొక్క మాటన్నానా మేడం?
వాళ్ళూ వాళ్ళూ అనుకుంటే నాదేం పూచీ?"

నాకు మాట్లాడే హక్కుందో లేదో, మాట్లాడినాను.

"రేకులు నీవి, కరెంటు నీది.
ఎవురి పక్కన ఎవురు కూర్చోవాల్నో చెప్పేది నువ్వు.
ఐదు నిమిషాలు లేటైతే కూలి కోసేది నువ్వు.
ఈ షెడ్డులో దారప్పోగుకు కూడా లెక్కుందే,
మాటలొక్కటే గాలికి కొట్టుకొచ్చినాయా సామీ?
ముక్క లోపలుండే ప్యాంటును గేటు దాటనీవే,
ముక్క లోపలుండే మనిషిని
ఎట్ల పంపించినావు?"

అని పుస్తకం తెరిచినాను.

ఆగస్టు పన్నెండు. లైను మూడు. సూది ఒకటి.
కారణం: గట్టి గుడ్డ.
పక్కనే సన్నక్షరాల్లో: గాజులు కట్టినారు. ఓనరుకు చెప్పినాను.
ఆగస్టు ఇరవై. సూది ఒకటి. ముక్కలు రెండే.
పక్కనే: చుట్టుముట్టినారు. చెప్పినాను.
ప్రతి శనివారం కింద
పచ్చ సిరాతో ఆయన సంతకం, తోక పొడుగ్గా.

"చదవకుండా పెట్టినాను" అన్నాడు ఓనరు.
ఆయమ్మ దాన్ని కూడా రాసుకుంది.

వన్నూరప్ప గోడకానుకొని నిలబడినాడు.
బొటనవేలు ఇంకా నల్లగానే ఉండాది.
"నీ పేరు చెప్పు నాయనా."
చెప్పినాడు. గొంతు అదే, మెత్తగా.
ఆయమ్మ రాసిన కాగితం మీదికి వంగి
చాలాసేపు చూసినాడు.

"పకారం కింద ఒత్తు మర్చిపోయినారు మేడం.
పెట్టండి."