మార్పుకు కారణం

అక్టోబరు రెండో వారం.
ల్యుబ్ల్యానా మీద కమ్మిన పొగమంచు
పదిన్నరైనా లేవదు.
నా కిటికీ అవతల సైకిళ్ల స్టాండు సగమే కనిపిస్తుంది.
ఈ వారమంతా నా గది ముందు బెంచీ ఖాళీ ఉండదు:
పోర్చుగల్ కుర్రాడు దువార్తే, ఎప్పుడూ తడి గొడుగుతో,
కొరియా నుంచి ఇద్దరు, ఒకే చార్జరు పంచుకుంటూ.
అందరి చేతుల్లో అదే కాగితం,
ఆరు గీతలు, ముప్ఫై క్రెడిట్లు.

ఇరవై ఆరేళ్లుగా ఇదే నా పని,
వచ్చిపోయే పిల్లలకి కొలతలు తీసి
ఒక్కో సెమిస్టరు కుట్టివ్వడం.
ప్రజాభిప్రాయం మంగళవారం పదింటికి,
యూరప్ రాజకీయాలూ మంగళవారం పదింటికే.
ప్రజాభిప్రాయం వదులుకోమంటాను.
అందరూ వదులుకుంటారు.

నూర్జాదా వచ్చింది, కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచి.
కూర్చోలేదు.
"గోస్పా జోర్కా, బ్రాండ్ నిర్వహణ తీసేయండి."
తీసేసి?
"పుకారు."

నవ్వొచ్చింది, మింగేశాను.
ఉంది, నిజమే, జాబితా అట్టడుగున,
మూడో అంతస్తు చివరి గదిలో,
ఊరంతా కొండలెక్కడానికి బయల్దేరే
శుక్రవారం సాయంత్రం నాలుగింటికి:
'పుకారు, దాని పుట్టుక, ప్రయాణం.'
చేరింది నలుగురు. ఐదుగురు కాకపోతే మూసేస్తారు.
ప్రొఫెసర్ ఓజ్‌బాల్ట్ ఏటా తలుపు దగ్గర నిలబడి
ఐదోవాడు దొరికాడా అంటాడు,
పేకాటకి చెయ్యి తక్కువైనవాడిలా.

మీ యూనివర్సిటీ ఒప్పుకోదమ్మా, అన్నాను,
బ్రాండుకైతే కోడ్ కలుస్తుంది, దీనికి కలవదు.
ఇంటికెళ్లాక ఆ ఐదు క్రెడిట్లూ గాలికిపోతాయి.
రోజుకి పదిసార్లు చెప్పే మాట,
నేను లేకపోయినా నాలుక చెప్పేస్తుంది.

ఆమె కిటికీ వైపు చూసింది,
సగం సైకిళ్ల వైపు.

"నాకు ఏడేళ్లప్పుడు, ఒక జూన్ రాత్రి,
మా వీధిలోకి ఒక మాట వచ్చింది.
కారులో వచ్చిందన్నారు, ఫోనులో వచ్చిందన్నారు.
చెప్పినవాళ్లెవరూ కళ్లతో చూడలేదు,
విన్నవాళ్లందరూ చూసినట్టే చెప్పారు.
తెల్లారేసరికి ఎదురింట్లో దిల్నోజా లేదు.
వాళ్ల తలుపూ లేదు.
తన స్కిప్పింగ్ తాడు నా దగ్గరే ఉండిపోయింది."

తర్వాత మామూలు గొంతుతో,
"ఆ మాటకి ఎన్ని కాళ్లున్నాయో
లెక్కపెట్టడం నేర్పుతారా అక్కడ?"

తెలీదన్నాను.
పదకొండేళ్లుగా ఆ కోర్సు మీద ముద్ర వేస్తున్నాను,
సిలబస్ ఒక్కసారీ చదవలేదు.

మా స్లొవీన్‌లో ఏకవచనానికీ బహువచనానికీ మధ్య
ఇంకొకటుంది, ఇద్దరికి మాత్రమే.
వచ్చిన వారానికే పిల్లలు దాన్ని తిట్టుకుంటారు,
ప్రేమికుల కోసం దాచారా అని అడుగుతారు.
కాదర్రా, రెండు కాఫీలకీ అదే,
దెబ్బలాడుకునే ఇద్దరు గుమస్తాలకీ అదే, అంటాను.
ఆ పూట ఇంకోటి తట్టింది:
పుకారు పుట్టేదీ ద్వివచనంలోనే.
ఒక నోరు, ఒక చెవి.
ఆ చెవి ఒక్కసారి "నువ్వు చూశావా" అని అడిగి ఉంటే
అది బహువచనం దాకా వచ్చేదా?
ఏమో. నేను గుమస్తాని.

ఫారం చివర 'మార్పుకు కారణం' అని ఉంటుంది.
నాలుగు గళ్లు: టైంటేబుల్, కోర్సు లేకపోవడం, భాష, ఇతరం.
ఇతరం పక్కన బొటనవేలంత గీత.
ఆమె పెన్ను ఆ గీత మీద చాలాసేపు ఆగింది.
బొటనవేలంత చోటులో ఒక వీధి పట్టదు.
కాగితం నా వైపు తిప్పుకుని
భాష గడిలో టిక్కు పెట్టాను.
ముద్ర కొంచెం వంకరగా పడింది.

ఆమె వెళ్లాక దువార్తేని ఒక్క నిమిషం ఆగమని
మూడో అంతస్తుకి ఫోన్ చేశాను.
ఓజ్‌బాల్ట్, నీకు ఐదో చెయ్యి దొరికింది.

అవతల కుర్చీ కిర్రుమంది.
"నిజంగానా?" అన్నాడు,
"ఎవరు చెప్పారు?"