తప్పు ఉన్న వైపుకే

హారోహళ్లి దాటాక, నీలగిరి తోపు వెనక
జిల్లేళ్లు మొలిచిన మట్టిగట్టు.
దాని ముందు అట్ట మీద నల్లసున్నా.
ఆదివారం, పొద్దున ఆరున్నర.
రాగిచేల మీది మంచుకి లేవబుద్ధి కాలేదింకా.

చంగప్ప బల్ల మీద సామాను పరిచాడు,
తాంబూలపు పళ్లెం సర్దినంత ఒద్దికగా:
మందు పోసుకునే కొమ్ము, ఇత్తడి కొలత, సీసపు గుండ్లు,
పీణ్యాలో నా ఆఖరి షిఫ్టు నాటి ఖాకీ చొక్కా,
రూపాయి బిళ్లంతేసి ముక్కలుగా,
కొబ్బరినూనెలో, తేనెమైనంలో తడిసి.
నా పేరు కుట్టిన జేబుముక్కను మాత్రం పక్కకు తీశాడు.
"కుట్టు ఉంటే మందం తేడా. రిజెక్ట్."

ముప్పై ఏళ్లు ఆయన ఇన్‌స్పెక్షన్లో,
నేను ఆకురాయి పట్టుకుని బెంచి దగ్గర.
"శేషవేణీ, రెండు పాయింట్లు ఎక్కువ" అని
చేసిన పనిని వెనక్కి పంపిన మనిషి
తాతల నాటి తుపాకికి కొత్త మొన కావాలని
నా గుమ్మం ముందే నిలబడ్డాడు.
చేశాను. ఇత్తడిది, బియ్యపు గింజంత.
కావాలనే కాస్త పొడుగుంచాను.
పొడుగును అరగదీయొచ్చు,
పొట్టిని సాగదీయడం ఎవరి తరం?

కొలిచి మందు పోశాడు. గుడ్డ, దాని మీద గుండు.
కడ్డీతో దట్టించాడు, తొందర లేకుండా,
జాడీలో ఆవకాయ అదిమినట్టు.
గుర్రం ఎత్తి టోపీ తొడిగాడు.
(మా జేజి దీన్ని రంజకం అనేది,
మా చిన్నాయన కోపం గురించి చెప్పేటప్పుడు.)
చెవుల్లో దూది పెట్టుకున్నాను.

గుర్రం పడింది.
రెప్పపాటు, ఏమీ జరగలేదు.
ఆ ఏమీ జరగని చోటే భుజం కదలకూడదట.
తర్వాతే చప్పుడు. తర్వాత పొగ,
తెల్లగా, చిక్కగా, దీపావళి మర్నాటి వీధి వాసనతో.
గట్టూ లేదు, అట్టా లేదు, ఆయనా లేడు.
ఎక్కడ తగిలిందో తెలియాలంటే
గాలి రావాలి. అంతవరకూ
ఇద్దరం పొగలోకి చూస్తూ నిలబడ్డాం.

మూడు గుండ్లయ్యాక గోతిలోంచి మారప్ప కేక:
"ఎడక్కె! కెళక్కె!"
కన్నడం రాకపోయినా అర్థమయ్యే మాటలు.

"ఎడమకి పోతోంది కదా, మొనను కుడికి కొడదామా?"
నవ్వాడు. క్యాంటీన్లో నేర్చుకున్న తెలుగులో
"కాదమ్మా. ముందర మొన
తప్పు ఉండే పక్కకే పోవాలి.
ఎడమ తప్పితే ఎడమకే.
కింద తప్పితే కిందకే. గీకు."

నలభై ఏళ్ల పనిమనిషిని లోహానికి,
ఇది మాత్రం బుర్రకెక్కలేదు.
ఇంట్లో గానీ బడిలో గానీ
తప్పు నుంచి దూరం జరగమనే చెప్పారు అందరూ.
చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, ఎడమకి.
ఆకురాయితో నాలుగు గీతలు.
అరచేతిలో పసుపురంగు పొడి,
ఊదితే పోయేంత.

గొట్టం కడిగితే నల్లటి నీళ్లు కారాయి.
మళ్లీ మందు, మళ్లీ గుడ్డ.
గడ్డిలో నా చొక్కాముక్కలు ఏరాను:
నడుమ నల్లగా మాడి, అంచులు చెక్కుచెదరక.
చూసి తలూపాడు. గుడ్డ పాసైంది.
పైన దేవనహళ్లి విమానం ఒకటి
చప్పుడు లేకుండా తిరుగుతోంది,
దానికీ ఎవరో గురి చెబుతున్నట్టు.

పన్నెండో గుండు తర్వాత మారప్ప అట్ట తెచ్చాడు.
చివరి మూడు చిల్లులూ ఒక్క చేగోడీ కింద దాక్కుంటాయి.
పక్కకు సరిపోయింది.
సున్నా నడుమకు ఇంకా అంగుళం తక్కువ.
ఆకురాయి ఎత్తాను.

నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఉండనీ. వేసవి వెలుగులో మళ్లీ చూద్దాం.
గీకింది అతకదు."

అంగుళం! రెండు పాయింట్లకే
రాత్రి పది దాకా కూర్చోబెట్టినవాడు.

ఏమీ అనలేదు నేను.
రిజెక్టయిన జేబుముక్కతో ఆకురాయి తుడిచాను.
నా పేరులోని దారాల మధ్య
ఇత్తడి కాస్త ఇరుక్కుంది.
దులపలేదు.